ట్రాక్టర్ ఆయిల్ లీకుకి యూవీ డై కిట్: వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, ఈ కిట్‌లో డై (ఆయిల్‌లో కలిపితే యూవీ, అంటే అతినీలలోహిత, టార్చి వెలుగులో మెరిసే రంగు) బాగుంది, పసుపు కళ్లద్దాలు పర్వాలేదు, టార్చి మాత్రం దండగ. ఐదుకి మూడున్నర స్టార్లు ఇస్తున్నా. తగ్గించింది కొంత ఆ టార్చికి, కొంత నిమిషాల్లో లీకు దొరికిపోతుందని డబ్బా మీద రాసుకున్నందుకు. నిమిషాల్లో ఏమీ దొరకదు. ముందు బండిని శుభ్రంగా కడగాలి, ఆరబెట్టాలి, డై కలిపాక ఆయిల్ బాగా వేడెక్కేదాకా పని చేయించాలి, చీకటి పడ్డాక చూడాలి.

నా బండికి ఇంజనూ గేరుబాక్సూ కలిసే చోట, క్లచ్ హౌసింగ్ అడుగున ఉండే చిన్న కన్నంలోంచి చుక్కలు పడేవి. లోపల చేరిన ఆయిల్ క్లచ్ ప్లేటు దాకా పాకకుండా బయటికి పోవడానికే ఆ కన్నం పెడతారు, కొన్ని బళ్లలో మట్టితో మూసుకుపోకుండా అందులో ఒక స్ప్లిట్ పిన్ను కూడా వేలాడుతుంటుంది. గొడవేంటంటే ఆ చోటికి వచ్చే దారులు చాలా ఉన్నాయి. క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) వెనక ఆయిల్ సీలు పోయినా అక్కడే పడుతుంది, గేరుబాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు పోయినా అక్కడే, పైన ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) గ్యాస్కెట్ కారినా ఇంజన్ వెనకవైపు గోడ మీదుగా జారి అక్కడికే చేరుతుంది. మొదటి రెండింటికీ ట్రాక్టర్‌ని నడిమికి విడదీయాలి. మూడోదానికి నాలుగు నట్లు విప్పితే చాలు. ఏది కారుతోందో తెలియకుండా బండిని రెండు ముక్కలు చేయిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అందుకే ఈ కిట్ తెప్పించాను.

రంగు చూసి చెప్పొచ్చు కదా అంటారు. డీజిల్ ఇంజన్ ఆయిల్ నల్లగా ఉంటుంది, గేరు ఆయిల్ కాస్త తేటగా, కొన్ని రకాలైతే గంధకం వాసనతో ఉంటుంది, నిజమే. కానీ హౌసింగ్ లోపల క్లచ్ దుమ్ము ఉంటుంది, దాన్ని కడుక్కుంటూ దిగిన ఏ ఆయిలైనా నల్లగానే బయటపడుతుంది. కాబట్టి ఆ కన్నం దగ్గర రంగుని నమ్మి సీలు మార్చమంటే నేనైతే ఒప్పుకోను.

డై విషయంలో ముఖ్యమైన కిటుకు ఒకటే, ఇంజన్ ఆయిల్‌లో మాత్రమే వెయ్యాలి, గేరుబాక్స్‌ని ముట్టుకోకూడదు. అప్పుడు కింద పడ్డ చుక్క టార్చి వెలుగులో పసుపుపచ్చగా మెరిస్తే అది ఇంజన్‌ది, మెరవకపోతే అనుమానం గేరుబాక్స్ వైపు పోతుంది. రెండింట్లోనూ వేసేస్తే డబ్బా మొత్తం ఖాళీ చేసి కూడా మళ్లీ మొదటికే వస్తారు. ఇంకోటి, పాతబడి నల్లబడ్డ ఆయిల్‌లో ఈ డై మెరుపు చాలా మసకగా కనిపిస్తుంది. ఆయిల్ మార్చే టైముకి కలిపితే మంచిది. మోతాదు కూడా సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఎన్ని లీటర్లు పడతాయో మాన్యువల్లో చూసి లెక్క వేసుకోండి, కారుని మనసులో పెట్టుకుని రాసిన కొలత ట్రాక్టర్‌కి చాలకపోవచ్చు.

ఇక టార్చి. కిట్‌తో వచ్చింది 395 నానోమీటర్లది (వెలుగు తరంగదైర్ఘ్యం కొలత ఇది). దాంట్లోంచి ఊదా వెలుగు కంటికి కనిపించేంత ఎక్కువగా వస్తుంది, పెయింటు మీదా నట్ల మీదా ఆ ఊదా పరుచుకుపోయి మధ్యలో ఉన్న సన్నటి ఆయిల్ గీత కలిసిపోతుంది. విడిగా 365 నానోమీటర్ల టార్చి తెచ్చి అదే చోట వేస్తే చుట్టూ నల్లగా ఉండిపోయి ఆయిల్ దారి ఒక్కటే మెరిసింది. ఆ పసుపు అద్దాలు పెట్టుకుంటే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది, పైగా ఈ వెలుగు కళ్లకి మంచిది కాదు కాబట్టి అవి పెట్టుకునే చూడండి, టార్చిలోకి సూటిగా చూడొద్దు.

తప్పుడు మెరుపులతో జాగ్రత్త. డై పోసిన చేత్తో ఏది ముట్టుకుంటే అది మెరుస్తుంది, బానెట్టు గడియ కూడా. గ్లవ్స్ వేసుకుని పోయండి, పోసే మూత చుట్టూ తుడిచెయ్యండి, లేదంటే అక్కడే లీకని పొరబడతారు. డీజిల్ కారినా నీలిగా కాస్త మెరుస్తుంది. పచ్చ కూలెంట్లలో చాలావాటికి కంపెనీవాళ్లే ఇలాంటి మెరిసే రంగు కలుపుతారు, రేడియేటర్ పైపు చెమ్మని చూసి ఆయిల్ అనుకునేరు.

సరే, నా బండిలో తేలిందేంటంటే కింద చుక్క మెరిసింది, అంటే ఇంజన్ ఆయిలే. అక్కడి నుంచి పైకి వెతుక్కుంటూ పోవాలి, ఎందుకంటే ఆయిల్ కిందికి జారుతుంది, ఫ్యాను గాలి దాన్ని వెనక్కి తోస్తుంది, కాబట్టి తడి మొదలైన చోట్లలో అన్నిటికన్నా పైనా ముందూ ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఆ గీత ఇంజన్ వెనక గోడ మీదుగా ట్యాపెట్ కవర్ వెనక మూల దాకా పోయింది. మామూలు టార్చితో చూసినప్పుడు ఆ మూల పొడిగానే అనిపించేది! గ్యాస్కెట్ మార్పించాం. లీకు బాగా తగ్గింది కానీ పూర్తిగా ఆగలేదు, మళ్లీ అదే మూల సన్నగా మెరుస్తోంది. మెకానిక్ బ్రీదర్ పైపు విప్పి చూస్తే జిడ్డూ మట్టీ గట్టిపడి దాదాపు మూసుకుపోయి ఉంది. లోపలి గాలికి దారి లేకపోతే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి ఆయిల్‌ని ఎక్కడ సందుంటే అక్కడి నుంచి తోసేస్తుంది. పైపు శుభ్రం చేశాక ఆగింది. కిట్ లీకు చోటు చూపించింది గానీ బ్రీదర్ సంగతి చెప్పడం దాని వల్ల కాదు. కొత్త సీలు వెయ్యాలని ఎవరన్నా సరే, ముందు ఆ పైపు చూడమని అడగండి.

వెనక భాగానికి, అంటే గేరుబాక్సూ హైడ్రాలిక్సూ ఒకే ఆయిల్‌తో నడిచే బళ్లకి, ఈ కిట్ నేను సిఫార్సు చెయ్యను. అందులో పట్టే ఆయిల్ చాలా ఎక్కువ, ఈ చిన్న సీసా అందులో కనపడకుండా పోతుంది. అక్కడ లిఫ్ట్ కవర్ అతుకూ యాక్సిల్ సీళ్లూ కడిగి ఆరబెట్టి టాల్కం పౌడర్ చల్లితే చాలు, ఏ చోట ముందు తడిస్తే అదే. ఒత్తిడిలో ఉన్న హైడ్రాలిక్ హోసుల మీద మాత్రం వేలితో తడిమి చూడొద్దు. కంటికి కనపడని సన్నటి చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది, పైకి చిన్న గాయంలా ఉన్నా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిన కేసు అది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి, పనిముట్టుని నేలకి దించి, పీటీవో (పనిముట్టుని తిప్పే షాఫ్టు) ఆపి, చేతి బ్రేకు వేశాకే బండి కిందికి వంగండి.

డై వల్ల ఇంజన్‌కి ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ఆయిల్ మార్చేదాకా అందులోనే ఉంటుంది, కాబట్టి అప్పుడప్పుడూ రాత్రిపూట టార్చి వేసి చూసుకోవచ్చు, నేను అదే చేస్తున్నా. మళ్లీ కొనాల్సొస్తే కిట్ జోలికి పోకుండా ఆయిల్‌కి పనికొచ్చే డై సీసా ఒకటీ, 365 టార్చి ఒకటీ విడివిడిగా తీసుకుంటా. కూలెంట్‌కి వేసే డై వేరే ఉంటుంది, కొనేటప్పుడు సీసా మీద చూసుకోండి.