ట్రేడింగ్ ఖాతాలో ఊరికే ఉన్న డబ్బు: ఎక్కడ ఉంచితే మేలు?

షేర్లు అమ్మేశాం. మళ్లీ ఎప్పుడు కొంటామో తెలియదు. ఈలోగా ఆ డబ్బు ఎక్కడ ఉంచాలి? డీమ్యాట్ ఖాతా (షేర్లు దాచుకునే ఖాతా) ఉన్న స్నేహితులు ఈ మధ్య నన్ను ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్లందరూ వడ్డీ దగ్గరే మొదలుపెడతారు. నేనూ ఒకప్పుడు అలాగే చూసేవాణ్ని. 2024 జూన్ 4 నా లెక్క మార్చేసింది.

ఆ రోజు లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు. 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ దాదాపు 6 శాతం పడింది. నెలల తరబడి "ఈ ధరకు వస్తే కొందాం" అనుకున్న రెండు షేర్లు నిజంగానే ఆ ధరకు వచ్చాయి. నా డబ్బంతా లిక్విడ్ ఫండ్‌లో, అంటే తక్కువ గడువు అప్పుపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్‌లో ఉంది. వెంటనే వెనక్కి తీసుకునే సదుపాయం ఉంది గానీ, దానికి ఒక స్కీములో రోజుకు 50 వేలే పరిమితి. ఆ 50 వేలతో కొన్నాను. మిగతాది మర్నాడు బ్యాంకులో పడేసరికి నిఫ్టీ 3 శాతానికి పైగా లేచిపోయింది. 7వ తేదీకల్లా పోయినదంతా పూడి, కొత్త గరిష్ఠం దగ్గర ముగిసింది. ఏడాదంతా కష్టపడి సంపాదించిన అదనపు వడ్డీ కన్నా ఆ ఒక్క రోజు ఆలస్యం వల్ల నేను వదులుకున్నదే ఎక్కువ.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా ముందు ఒకటే అడుగుతాను: ఈ డబ్బుతో షేరు కొనాలనుకున్న క్షణం నుంచి ఆర్డర్ పెట్టేదాకా ఎంతసేపు పడుతుంది? ట్రేడింగ్ కోసం పక్కన పెట్టిన డబ్బుకు నా దృష్టిలో అసలు కొలత అదే. వడ్డీ ఆ తర్వాత.

ఆ కొలతతో చూస్తే బ్రోకర్ దగ్గరే వదిలేయడం అన్నిటికంటే వేగం. కానీ పైసా వడ్డీ రాదు. పైగా మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం మనం ఎంచుకున్నదాన్ని బట్టి నెలకో, మూడు నెలలకో ఒకసారి వాడని సొమ్మును బ్రోకర్ మన బ్యాంకు ఖాతాకు తిప్పి పంపాలి. ఎలాగూ అక్కడ శాశ్వతంగా ఉండదన్నమాట. 2023 నుంచి ఖాతాదారుల సొమ్మును బ్రోకర్లు లావాదేవీలను సెటిల్ చేసే క్లియరింగ్ కార్పొరేషన్లకు చేర్చాల్సి రావడంతో భద్రత బాగా మెరుగైంది. అయినా ఖాతాదారుల షేర్లను సొంతానికి వాడుకుందని హైదరాబాద్‌కే చెందిన బ్రోకర్ కార్వీ మీద 2019 నవంబరులో సెబీ ఉత్తర్వు వచ్చినప్పుడు ఎంతమంది తెలుగువాళ్లు కంగారుపడ్డారో చూసినవాణ్ని. అవసరం లేని డబ్బు బ్రోకర్ దగ్గర ఉంచడం నాకు ఇష్టం లేదు.

బ్యాంకు సేవింగ్స్ ఖాతా దాదాపు అంతే వేగం. యూపీఐతో పంపితే నిమిషాల్లో ట్రేడింగ్ ఖాతాలో కనిపిస్తుంది. బ్యాంకు, డీమ్యాట్, ట్రేడింగ్ మూడూ ఒకేచోట ఉండే త్రీ-ఇన్-వన్ ఖాతా అయితే పంపే పని కూడా లేదు. ఐపీఓలకు చేసినట్టే డబ్బును బ్యాంకులోనే బ్లాక్ చేసి షేర్లు కొనే పద్ధతి కూడా వచ్చింది. పెద్ద బ్రోకర్లు 2025 ఫిబ్రవరి నుంచి ఇదో, త్రీ-ఇన్-వన్ ఖాతానో ఇవ్వాలి. లోటు వడ్డీ ఒక్కటే. పెద్ద బ్యాంకులు 2025లో దాన్ని 2.5 శాతానికి దించేశాయి.

ఇక లిక్విడ్ ఫండ్. రాబడి సేవింగ్స్ కన్నా బాగుంటుంది, క్రమశిక్షణకూ మంచిదే. కానీ అమ్మితే డబ్బు వచ్చేది మరుసటి పనిరోజునే. మొదటి ఆరు రోజుల్లో తీసుకుంటే కొద్దిపాటి ఎగ్జిట్ లోడ్ (ముందే తీసుకున్నందుకు కోత) ఉంటుంది. అది లక్షకు ఏడు రూపాయలు మించదు కాబట్టి దానికి భయపడక్కర్లేదు. ఇంకో సంగతి. 91 రోజుల దాకా గడువున్న కంపెనీ పత్రాలు కూడా ఇందులో ఉండొచ్చు. 2018 సెప్టెంబరులో ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ అనే ఫైనాన్స్ సంస్థ చెల్లింపులు ఆపినప్పుడు కొన్ని లిక్విడ్ ఫండ్లకు కూడా దెబ్బ తగిలింది. మరీ జాగ్రత్తపరులకు ఒక్క రాత్రి అప్పులకే డబ్బిచ్చే ఓవర్‌నైట్ ఫండ్ ఉంది. అయితే డబ్బు చేతికి రావడంలో ఆలస్యం అక్కడా అంతే.

నేను చివరికి మారింది లిక్విడ్ ఈటీఎఫ్‌కు. ఈటీఎఫ్ అంటే షేరులాగే ఎక్స్ఛేంజీలో కొని అమ్ముకునే ఫండ్. లోపల ఉన్న డబ్బు ఎక్కువగా ప్రభుత్వ పత్రాల హామీ మీద ఒక్క రాత్రికి అప్పుగా వెళుతుంది. మనం అమ్మితే సెటిల్‌మెంట్ (డబ్బు నిజంగా జమ కావడం) మర్నాడే, కానీ చాలామంది బ్రోకర్లు ఆ అమ్మకం సొమ్ములో మొత్తమో, ఎక్కువ భాగమో అదే రోజు వేరే షేర్లు కొనడానికి వాడుకోనిస్తారు. జూన్ 4న నా దగ్గర ఇదే ఉంటే రెండు నిమిషాల పని.

ఇందులో రెండు రకాలున్నాయి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ పన్ను దగ్గర పెద్దదే. పాత రకం, అంటే అందరికీ తెలిసిన లిక్విడ్ బీస్ లాంటివి. యూనిట్ ధర ఎప్పుడూ వెయ్యి దగ్గరే ఉంటుంది, రాబడి రోజూ డివిడెండ్‌గా మారి యూనిట్‌లో చిన్న ముక్కలుగా జమవుతుంది. ఆ ముక్కలు ఒక పూర్తి యూనిట్ అయ్యేదాకా ఎక్స్ఛేంజీలో అమ్మలేం. మీరు అమ్మినా అమ్మకపోయినా ఆ డివిడెండ్ మీద ఆ ఏడాదే మీ ఆదాయపు పన్ను శ్లాబు ప్రకారం పన్ను కట్టాలి.

కొత్త రకం గ్రోత్ ఈటీఎఫ్. డివిడెండ్ ఉండదు, యూనిట్ ధరే రోజూ కొంచెం కొంచెం పెరుగుతుంది. పన్ను అమ్మినప్పుడే. 2023 ఏప్రిల్ తర్వాత కొన్నవాటికి రేటు ఇక్కడా శ్లాబు ప్రకారమే. కానీ ఈ లాభాన్ని స్వల్పకాలిక మూలధన లాభంగా చూస్తారు. కాబట్టి షేర్లలో వచ్చిన స్వల్పకాలిక నష్టాన్ని దీనితో సర్దుకోవచ్చు. డివిడెండ్‌తో అలా కుదరదు. ట్రేడింగ్ చేసేవాళ్లకు నష్టాలు లేని ఏడాది ఉండదు కదా! నేను గ్రోత్ రకం వైపు మొగ్గడానికి ఇదే ప్రధాన కారణం.

డబ్బుల్లో ఎంత తేడా? ఈటీఎఫ్ ఏడాదికి 5.5 శాతం ఇస్తుందనుకుందాం. లక్షకు 5,500. సేవింగ్స్‌లో 2,500. 30 శాతం శ్లాబు, సెస్సు తీసేస్తే చేతికి మిగిలేవి 3,784, 1,720. అంటే నెలకు లక్ష మీద తేడా సుమారు 170 రూపాయలు. ఈ అంకె గుర్తుపెట్టుకుంటే మిగతా నిర్ణయాలు సులువు. కొనడానికి, అమ్మడానికి బ్రోకరేజీ, అమ్మినప్పుడు డీమ్యాట్ నుంచి యూనిట్లు తీసినందుకు పడే డీపీ చార్జీ కలిపి 50 రూపాయలయ్యే చోట పదివేలను వారం పాటు ఈటీఎఫ్‌లో పెడితే వచ్చేది పది రూపాయలే. అది నష్టపు బేరం. ఐదు లక్షలు మూడు నెలలు ఊరికే ఉంటే మాత్రం వదులుకునేది రెండున్నర వేలు.

నగదు, ఫ్యూచర్స్ మార్కెట్ల ధరల తేడా మీద సంపాదించే ఆర్బిట్రేజ్ ఫండ్‌కు షేర్ల పన్ను వర్తిస్తుంది, పై శ్లాబువాళ్లకు అది లాభమే. కానీ ఎగ్జిట్ లోడ్, డబ్బు రావడానికి పట్టే రోజులు చూస్తే ఈ పనికి సరిపోదు. 91 రోజుల ట్రెజరీ బిల్లులు (ప్రభుత్వ అప్పుపత్రాలు), ఫిక్స్‌డ్ డిపాజిట్లు తేదీ ముందే తెలిసిన ఖర్చులకు మంచివి. ఎఫ్‌అండ్‌ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసేవాళ్లు లిక్విడ్ ఈటీఎఫ్‌ను తాకట్టు పెట్టి మార్జిన్ (ఆ ట్రేడ్లకు ముందుగా చూపాల్సిన పూచీ) తీసుకోవచ్చు. కానీ తాకట్టులో ఉన్నవాటిని అమ్మాలంటే ముందు విడిపించుకోవాల్సి రావచ్చు, అది మరిచిపోవద్దు.

నా డబ్బు ఇప్పుడు ఇలా ఉంది: ఒకటి రెండు చిన్న కొనుగోళ్లకు సరిపడా సేవింగ్స్‌లో, మిగతాదంతా గ్రోత్ లిక్విడ్ ఈటీఎఫ్‌లో. అమ్మేటప్పుడు ఎప్పుడూ లిమిట్ ఆర్డరే, అంటే నేను చెప్పిన ధరకు తగ్గకుండా అమ్మే ఆర్డరే పెడతాను. మార్కెట్ కుప్పకూలిన రోజు అందరూ ఒకేసారి వీటిని అమ్ముతుంటే కొనేవాళ్లు ఇచ్చే ధర యూనిట్ అసలు విలువ కన్నా కొంచెం కిందికి జారే వీలుంది. ఎంత ధర దొరికితే అంతకు అమ్మేసే మార్కెట్ ఆర్డర్ పెడితే ఆ జారుడులో వారాల వడ్డీ పోవచ్చు. మీరు మారాలనుకుంటే ముందు ఒక్క యూనిట్ కొనండి. అది డీమ్యాట్‌లోకి వచ్చాక అమ్మి, ఆ సొమ్ములో ఎంత భాగంతో అదే రోజు షేరు కొననిస్తున్నారో, ఎంత చార్జీ పడిందో మీ బ్రోకర్ యాప్‌లోనే చూసుకుని, ఆ తర్వాత మిగతా డబ్బు పెట్టండి.