బియ్యమైన కూతురు: పెనంపాంగ్‌లో కోతల పండగ

"అందాల పోటీ చూడ్డానికి సముద్రం దాటాలా?" అని మా పెరంబూరు అపార్ట్‌మెంట్‌లో కింది వాటా పిన్నిగారు అడిగారు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడుంది.

మలేసియాలోని సబా రాష్ట్రంలో మే నెలంతా కామతాన్. అక్కడి కడజాన్-డుసున్ జనాల కోతల పండగ అది. 30, 31 తేదీలు సెలవు. ఆఖరి రోజు పెనంపాంగ్‌లో, కోటా కినబాలు ఊరి పక్కనే, ఉండుక్ ఙడావ్ అనే అందాల పోటీ కిరీటం ఎవరిదో తేలుతుంది. అమ్మా నేనూ చెన్నై నుంచి కౌలాలంపూర్ మీదుగా వెళ్లాం. దేశంలోకి ఒకసారి అడుగుపెట్టినా, సబాలో దిగగానే మళ్లీ పాస్‌పోర్టు చూసి ముద్ర వేస్తారు. కంగారు పడకండి.

మొదటి రాత్రి సముద్రం ఒడ్డున ఒక హోటల్. సముద్రం కనిపించే గదికి డబ్బు కట్టాం, కిటికీ తీస్తే కార్ల పార్కింగు. అడిగితే మార్చలేదు. మర్నాడే పెనంపాంగ్‌లోని దోంగోంగోన్ దగ్గర ఒక ఇంట్లో గదికి మారిపోయాం. ఏసీ లేదు, స్నానాలగది చిన్నది. అయినా నా ఓటు దానికే. కోటా కినబాలు నుంచి మామూలు రోజుల్లో ఇరవై నిమిషాల దారి, పండగ రోజు గంటన్నర పడుతుంది. పెనంపాంగ్‌లో ఉంటే ఆ బాధ ఉండదు.

ఆ ఇంటావిడే మాకు హుమినోదున్ కథ చెప్పారు. కరువొచ్చి జనం ఆకలితో అల్లాడుతుంటే, సృష్టికర్త కినోయింగాన్ తన ఒక్కగానొక్క కూతురు హుమినోదున్‌ని బలిచ్చి, ఆమె దేహాన్ని నేలలో విత్తాడట. మాంసం వరి అయింది, తల కొబ్బరి, వేళ్లు అల్లం, పళ్లు మొక్కజొన్న. అమ్మ గ్లాసు కిందపెట్టి, "కన్నతల్లి ఏమైపోయిందో పాపం," అంది. కాసేపటికి మళ్లీ, "మా అమ్మ నేలమీద గింజ పడితే తొక్కనిచ్చేది కాదు, కళ్లకద్దుకుని తీసేది. చూడవే, ఇక్కడా అంతే."

వరిలో ఉండే ఆత్మను వాళ్లు బంబాజోన్ అంటారు. దారితప్పిన ఆ ఆత్మను బోబోహిజాన్ అనే పూజారిణులు మంత్రాలు చదువుతూ ఇంటికి పిలుచుకొస్తారు. ఆ క్రతువు పేరు మగావావ్. జనమంతా వేదిక ముందు కుర్చీలకోసం పరిగెడతారు గానీ, నన్నడిగితే ముందు ఇది చూడాలి. ఇది చూడకుండా పోటీ చూస్తే మిగిలేది బట్టలే.

బట్టలూ తక్కువేమీ కాదు. వేదిక వెనక ఒక ముసలావిడ మనవరాలి నల్ల వెల్వెట్ దుస్తుల మీద ఇత్తడి రింగుల మొలనూళ్లు సర్దుతోంది. వాటిని తంగ్‌కోంగ్ అంటారు. ఒక్కొక్క చుట్టూ నడుముకు సరిగ్గా కూర్చునేదాకా ఊపిరి బిగబట్టమంటోంది. పెళ్లికూతురికి వడ్డాణం పెట్టేటప్పటి హడావుడే! ఒక్కో జిల్లా నుంచి ఒక్కో అమ్మాయి, ఒక్కో తెగ నేత, ఒక్కో తలకట్టు. ఈత దుస్తుల రౌండు లేదు. నడక చూస్తారు, మాతృభాషలో మాట చూస్తారు. గెలిచిన పిల్ల ఆ ఏడాదికి హుమినోదున్‌కి ప్రతిరూపం. పిన్నిగారికి నేను చెప్పాల్సిన జవాబు ఇదే.

తిండి విషయానికొస్తే, శాకాహారులకు కష్టమే. హినావా అంటే నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి చేప, అమ్మ దాని దరిదాపులకు వెళ్లలేదు. ఆకులో పొట్లం కట్టిన అన్నం, లినోపోత్, మాత్రం రెండు పూటలా తిన్నాం. గురు, శుక్రవారాల్లో జరిగే దోంగోంగోన్ సంతలో బంబంగాన్ ఊరగాయ దొరుకుతుంది. అడవి మామిడి, అందులోనే తురిమిన టెంక. ఘాటు లేదు, పులుపూ వాసనా ఎక్కువ.

అమ్మ ఒక సీసా కొంది. ఇంటికొచ్చాక వేడన్నంలో కలిపి, నువ్వులనూనె వేసి, మొదటి ముద్ద నాకు పెట్టింది. రెండోది పిన్నిగారికి.