సెకండ్ హ్యాండ్ పెల్లెట్ స్టవ్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

మొన్న రాత్రి రెండు గంటలకు మా ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ (రంగు, వాసన లేని విషవాయువు) అలారం మోగింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెల్లెట్ స్టవ్‌కి, అంటే రంపపు పొట్టుతో చేసిన గుళికలు (పెల్లెట్లు) కాల్చేదానికి, నాలుగడుగుల దూరంలో, హాల్లో మడత మంచం మీద మా అమ్మ నిద్రపోతోంది. నాకు ఇంకా కోపం దిగలేదు. దిగాక రాస్తే మొహమాటానికి పోయి సగం మింగేస్తాను, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆ స్టవ్ అమ్మినవాడు ఎవరో ఇక్కడ, అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో, నాషువా ఊరి చుట్టుపక్కల ఉండే మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. డాలస్ వెళ్ళిపోతూ సామానంతా అమ్మకానికి పెట్టాడు కదా, ఆయనే. పేరు రాయను.

మాది ఆయిల్ హీటింగ్ ఇల్లు. 2022లో గ్యాలన్ ఐదు డాలర్లు దాటినప్పటి నుంచీ ట్యాంకు నింపించాలంటేనే భయం. ఈసారి అక్టోబరులో అమ్మ ఖమ్మం నుంచి వచ్చింది. న్యూ హాంప్‌షైర్ చలికి రెండు స్వెటర్లు, పైన శాలువా కప్పుకుని కూడా కాళ్ళు కొంకర్లు పోతున్నాయంటుంది. పెల్లెట్ స్టవ్ అయితే హాలంతా వెచ్చగా ఉంటుంది, 40 పౌన్ల బస్తా ఒకటి పోస్తే దాదాపు రోజంతా వస్తుంది అన్నారు. కొత్తవి చూస్తే పైపుతో, బిగింపుతో కలిపి ఐదు వేలు దాటుతోంది. ఆయన తొమ్మిది వందలు అన్నాడు. వెళ్ళాను.

గ్యారేజీలో స్టవ్ నల్లగా మెరుస్తోంది. కొత్తగా పెయింట్ కొట్టారని చూడగానే తెలిసింది. శుభ్రంగా ఉంచుకున్నారనుకున్నానే గాని, దేని మీద కొట్టారని అడగలేదు. ఒకసారి వెలిగించి చూపిస్తారా అన్నాను. "వెంట్ పైపు పీకేశాం అన్నా, ఇప్పుడు వెలిగిస్తే పొగంతా గ్యారేజీలోకే వస్తుంది. నిరుడు చలికాలమంతా దీని మీదే గడిపాం. మా పిల్లలు దీని ముందే కూర్చుని ఆడుకునేవాళ్ళు" అన్నాడు. వాళ్ళావిడ టీ తెచ్చి ఇచ్చింది. పిల్లలు ఆడుకున్నారన్న మాట విన్నాక నేనింకేమీ అడగలేదు. మూడు వందల పౌన్ల పైన బరువున్న దాన్ని ఆయనే ఒక పక్క పట్టుకుని ట్రక్కులోకి ఎక్కించాడు. "అమ్మగారికి నమస్కారం చెప్పండి అన్నా" అని కూడా అన్నాడు.

పైపు కొత్తది కొన్నాను, పెల్లెట్ స్టవ్‌కి వాడే రెండు పొరలదే. నేనూ, మా ఫ్రెండూ కలిసి బిగించుకున్నాం. టౌన్ నుంచి పర్మిట్ తీసుకోవాలని తెలుసు. ఇన్‌స్పెక్షన్‌కి రోజులు పడుతుంది, ఈలోపు చలి ముదురుతుంది అని ఆగలేదు. ఆ తప్పు పూర్తిగా నాదే. దానికి ఇంకొకరిని అనను.

మొదటి వారం వెలిగింది. అమ్మ మంచం హాల్లోకి మార్చుకుంది. కానీ వెలిగించిన నాలుగు గంటల్లోనే అద్దం మసిబారేది. మంట చురుగ్గా లేవకుండా ఎర్రగా, బద్ధకంగా ఊగేది. పెల్లెట్లు కాలే, కుంపటిలా ఉండే బర్న్ పాట్‌లో చిట్టెం గడ్డలు కట్టేది. వెనక నుంచి సన్నగా కీచుమని చప్పుడు. ఆయనకి వీడియో తీసి పంపాను. "పెల్లెట్ల క్వాలిటీ అన్నా, బ్రాండ్ మార్చండి" అని జవాబు. యాభై బస్తాలు, అంటే ఒక టన్ను, అప్పటికే దింపించుకుని ఉన్నాను. అవి పక్కన పెట్టి, ఖరీదైనవి ఇంకో పది బస్తాలు తెచ్చాను.

మొన్న సాయంత్రం అమ్మ తల దిమ్ముగా ఉందంది. చలికేమో అనుకుని మిరియాల పాలు ఇచ్చి పడుకోబెట్టాం. చూడండి, ఆ మాట విన్నప్పుడైనా నాకు తట్టి ఉండాలి.

రెండు గంటలకు అలారం. కిందికి పరుగెత్తుకొచ్చేసరికి హాల్లో పచ్చికట్టె కాలినట్టు వాసన, సన్నటి పొగ. స్టవ్‌లో మంట లేదు, గుళికలు మాత్రం గుట్టగా పేరుకుని కుములుతున్నాయి, పైనుంచి ఇంకా పడుతూనే ఉన్నాయి. అమ్మని లేపితే లేచింది గాని మాట ముద్దగా వచ్చింది. దుప్పటితో సహా ఎత్తుకుని బయట కారులో కూర్చోబెట్టాను. బయట మైనస్ పది. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి మీటర్ పెడితే హాల్లో కార్బన్ మోనాక్సైడ్ ఎనభై పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో ఎనభై పాళ్ళు) పైన చూపించింది, అదీ తలుపులన్నీ తీసి ఉంచాక. పర్మిట్ ఉందా అని అడిగితే తల దించుకున్నాను. అమ్మని ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉంచి, తెల్లారాక పంపించారు. ఇప్పుడు బాగానే ఉంది. ఇంట్లో రెండేళ్ళ పాప కూడా ఉంది, పై గదిలో మాతో పడుకుంటుంది కాబట్టి దానికేమీ కాలేదు.

నిన్న టెక్నీషియన్ వచ్చి వెనక ప్యానెల్ విప్పాడు. ఈ విషయం కాస్త వివరంగా రాస్తాను, మీకు తెలియాలి.

పెల్లెట్ స్టవ్‌లో పొగ దానంతట అది పైకి పోదు. ఎగ్జాస్ట్ బ్లోయర్ అనే ఫ్యాన్ లోపలి గాలిని లాగి పైపులోకి తోస్తుంది. ఆ లాగుడు ఉన్నంతసేపే పొగ బయటికి పోతుంది. ఆ ఫ్యాన్ ఆగినా, పైపు పూడుకున్నా, తలుపు సరిగ్గా పడకపోయినా వెంటనే కనిపెట్టి పెల్లెట్లు పడకుండా ఆపేయడానికి వ్యాక్యూమ్ స్విచ్ అని ఒకటి ఉంటుంది. చిన్న రేకు డబ్బీ లాంటిది, సన్నటి రబ్బరు గొట్టం, రెండు వైర్లు. ప్రాణాలు కాపాడేది అదే.

మా స్టవ్‌లో ఆ రెండు వైర్లనీ స్విచ్ నుంచి పీకి, ఒకదానికొకటి ముడివేసి, పైన నల్ల టేపు చుట్టారు. అంటే ఫ్యాన్ చచ్చిపోయినా స్టవ్‌కి తెలియదు, గుళికలు పోస్తూనే ఉంటుంది. సరిగ్గా అదే జరిగింది. ఫ్యాన్ బేరింగ్ అరిగిపోయి ఆ రాత్రి పట్టేసింది.

టెక్నీషియన్ టార్చ్ వేసి నన్ను వంగి చూడమన్నాడు. లోపల వైర్లన్నిటి మీదా ఏళ్ళ తరబడి పట్టిన బూడిద, బొంత దూదిలా. ఆ టేపు ముక్క మీద మాత్రం ఒక్క నలుసు లేదు, నిగనిగలాడుతోంది. నేను కొన్నాక వెనక ప్యానెల్ ఎవరూ ముట్టుకోలేదు. అది చూసి నాకు కాళ్ళలో సత్తువ పోయింది. ఫ్యాన్ పోతోందనీ, స్విచ్ మాటిమాటికీ ఆపేస్తోందనీ వాళ్ళకి తెలుసు. బాగు చేయించకుండా స్విచ్‌నే తీసేసి, పైన పెయింట్ కొట్టి, పిల్లలు ఆడుకున్నారని చెప్పి నాకు అంటగట్టారు. మా ఇంట్లో పెద్దావిడ ఉందనీ, ఆమె కోసమే కొంటున్నాననీ నేనే చెప్పాను. తెలిసి చేశారు.

ఫోన్ చేశాను. డబ్బు కోసం కాదు, నిజంగా. ఎందుకు చెప్పలేదని అడుగుదామని. అమ్మ ఆసుపత్రికి వెళ్ళిందని చెప్పాను. ఎలా ఉందని ఒక్క మాట అడగలేదు. అంతవరకు ఉన్న 'అన్నా' పోయి "చూడండి సార్" వచ్చింది. "చూడండి సార్, యాజ్ ఈజ్, ఉన్నది ఉన్నట్టే అని క్లియర్‌గా రాశాను. మీరు చూసుకునే తీసుకున్నారు. మీకు బిగించడం రాకపోతే నేనేం చేస్తాను?" మరి టేపు సంగతేంటి అంటే, "మా ముందు వాడినవాళ్ళు చేసి ఉంటారు" అన్నాడు. బూడిద పట్టలేదు కదా అన్నాను. ఫోన్ పెట్టేశాడు. పది నిమిషాలకి వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశాడు.

తొమ్మిది వందలు, పైపు, ట్రక్కు అద్దె, పెల్లెట్లు, టెక్నీషియన్ ఫీజు కలిపి రెండు వేల డాలర్లు దాటింది. అది పోతే పోయింది. అమ్మ ఇప్పుడు హాల్లోకి రావాలంటేనే భయపడుతోంది. నిన్న అన్నం తింటూ నన్నొక మాట అడిగింది: "గేదెను కొనేటప్పుడు రెండు పూటలా పాలు పిండి చూసుకున్నాకే కదరా పలుపు పట్టుకుంటాం, వెలిగించకుండా ఎట్లా తెచ్చావు నాన్నా?" తిట్టలేదు, నెమ్మదిగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కొనేవాళ్ళు ఉంటే ఇవి చూసుకోండి. బిగించి ఉన్న చోట, చల్లటి స్టవ్‌ని మీ ముందు వెలిగించమని, కనీసం గంట మండనివ్వండి. మండుతుండగా తలుపు కొంచెం తెరిస్తే కాసేపటికి పెల్లెట్లు పడటం ఆగాలి. ఆగలేదంటే ఎవరో స్విచ్ మీద చెయ్యి వేసినట్టే. పైపు లేదంటే కరెంటు పెట్టించి ఫ్యాన్ల చప్పుడైనా వినండి. వెనక ప్యానెల్ విప్పించి వైర్లు చూడండి, విప్పనంటే వచ్చేయండి. తలుపు గాస్కెట్ మన కుక్కర్ గాస్కెట్ లాంటిదే. చల్లారి ఉన్నప్పుడు ఒక డాలర్ నోటు పెట్టి తలుపు మూసి లాగితే బిగుసుకోవాలి, జారి వచ్చేసిందంటే గాస్కెట్ పోయినట్టు. వెనక రేకు మీద మోడల్ నంబరు రాసుకుని విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. పర్మిట్ తీసుకోండి, ఎన్ని రోజులు పట్టినా సరే. అలారం స్టవ్ ఉన్న అంతస్తులో ఒకటి, పడక గదుల దగ్గర ఒకటి. మాకు ముప్పై డాలర్ల అలారమే అమ్మని దక్కించింది.

ఆయన దగ్గర జెనరేటర్ ఒకటి ఇంకా అమ్మకానికి ఉందని విన్నాను. దయచేసి ఎవరూ తీసుకోవద్దు, తీసుకున్నవాళ్ళు ఎవరికైనా చూపించకుండా స్టార్ట్ చేయొద్దు.

స్టవ్ మా గ్యారేజీలో పడి ఉంది. విడిభాగాలకి ఇస్తావా అని ఇద్దరు అడిగారు, ఇవ్వను. శనివారం స్క్రాప్ యార్డులో పడేస్తున్నాను. టేపు చుట్టిన ఆ వైరు ముక్క మాత్రం కత్తిరించి ఉంచాను. నా మాట నమ్మనివాళ్ళు వచ్చి చూడండి.