ఆరేళ్లుగా నా కాంటెస్సా: భాకరాపేట ఘాట్, మూడో గేరు

తిరుపతి నుంచి పీలేరు పోయే దారిలోని భాకరాపేట ఘాట్‌లో మలుపు తిరిగాక, మూడో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు అంత బరువు బండిని ఎట్లా తోస్తాయో చూడాలి. ఆ ఒక్క సుఖం కోసమే ఆరేళ్లయినా దీన్ని అమ్మలేదు. నాది హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల పాత కాంటెస్సా కారు, ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్. కొనేముందు అంతకు ముందొచ్చిన 1.5 లీటర్ల ఇంజన్ కాంటెస్సా కూడా నడిపి చూశాను, ఆ బాడీకి ఆ ఇంజన్ చాలదు. అసలు మొదట మనసుపడింది గోవాలో తయారైన శాన్ స్టార్మ్ కారు మీద, కానీ దాంట్లో రెండే సీట్లు, మాకేమో ఇద్దరు పిల్లలు.

కొన్న రెండో ఏడు మే నెలలో పీలేరుకు, అత్తగారింటికి బయలుదేరాం. సగం ఘాట్ ఎక్కేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది, ఆపేలోపే రేడియేటర్ హోస్ పగిలి బానెట్ కింద నుంచి ఆవిరి. పిల్లల్ని దింపి చెట్టు నీడన కూర్చోబెట్టాను. ఎదురుగా దిగుతున్న టమోటా వ్యాన్ డ్రైవర్ ఆపి, తన నీళ్ల క్యాను ఇచ్చి, "ఇప్పుడే మూత తీయొద్దన్నా, మొగం మీదికి కొడతాది, అరగంట ఉండు" అన్నాడు. ఆయన మేలు మరిచిపోలేను.

చివరికి బండిని తాడు కట్టి తిరుపతికి లాక్కొచ్చాం. మెకానిక్ రేడియేటర్ విప్పి చూపిస్తే, నీళ్లు కాచే కాగు అడుగున పేరుకున్నట్టు ట్యూబుల నిండా తెల్లటి సుద్ద. కొన్నింట్లో సన్నటి తీగ కూడా దూరలేదు. "ఏన్నా, బోరునీళ్లే పోస్తా వచ్చినారా?" అని అడిగాడు. అవును, ముందు ఓనరు ఏళ్లతరబడి పోశాడు, తెలియక నేనూ పోశాను. ట్యూబులుండే ఆ లోపలి భాగం, అంటే కోర్, మార్పించి బోరునీళ్లకు బదులు కూలెంట్ పోశాక ఇప్పటిదాకా అదే ఘాట్‌లో ముల్లు సగం దాటలేదు.

కాబట్టి కొనాలనుకునేవాళ్లు పెయింటు మెరుపు తర్వాత చూడండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి లోపల వేలుపెట్టి చూడండి, సుద్ద అంటితే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

సామాన్లకు ఇబ్బందే లేదని మొదట్లో అందరికీ చెప్పాను. ఇంజన్ వరకు ఆ మాట ఇప్పటికీ చెప్తాను, అంబాసిడర్ 1800లోనూ ఇదే ఇంజన్ కాబట్టి. బాడీ సామాన్ల సంగతి వేరు. 2002లో తయారీ ఆగిపోయిన బండి, ఒక్క టెయిల్ ల్యాంపు గ్లాసు కోసం పాత బండ్ల సామాన్లు అమ్మే చెన్నై పుదుపేట చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను. నా బండికి పవర్ స్టీరింగ్ కూడా లేదు, తిరుపతి గాంధీ రోడ్డులో పార్కింగ్ చేస్తే భుజాలు లాగేస్తాయి. ఊర్లో లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు దాటదు.

నాకు రోజూ తిరగడానికి స్కూటర్ ఉంది, ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది, పిలిస్తే వచ్చే మెకానిక్ ఉన్నాడు. అందుకే నాకు సరిపోయింది. ఇంట్లో ఉండే ఒకే ఒక్క బండి ఇదే కావాలంటే మాత్రం నేను కొనమని చెప్పను.