మోకాలి గుజ్జు దెబ్బతింటే ఇంజెక్షన్ల కంటే ముందు వెళ్లాల్సిన చోటు: పాలకొల్లులో ఒక ఫిజియో సెంటర్

పోయిన జూలైలో వాన పడిన మర్నాడు మేత బస్తా భుజాన వేసుకుని రొయ్యల చెరువు గట్టు దిగుతుంటే కాలు జారి కుడి మోకాలు మెలిపడింది. వాపు పది రోజుల్లో తీసేసింది గానీ మెట్లు దిగేటప్పుడు లోపల కలుక్కుమనడం మాత్రం పోలేదు. ఎమ్మారై తీయిస్తే కార్టిలేజ్ దెబ్బతింది, గ్రేడ్ 2 అని వచ్చింది. కార్టిలేజ్ అంటే మన వైపు గుజ్జు అంటామే, అదే; గ్రేడ్ 2 అంటే దెబ్బ దాని మందంలో సగం లోతు దాటలేదని.

ముందు వెళ్లిన ఆసుపత్రిలో రిపోర్టు ఇలా చూసి అలా పక్కన పెట్టేసి, గుజ్జు మళ్లీ పెరిగే ఇంజెక్షన్లు ఉన్నాయి, మూడు డోసుల ప్యాకేజీ, ఇవాళే డబ్బు కడితే రేటు తగ్గిస్తాం అన్నారు. గట్టిగా అడిగితే పీఆర్పీ అని చెప్పారు. అంటే మన రక్తమే తీసి, మెషీన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని మోకాల్లోకి ఎక్కిస్తారు. దానివల్ల కొంతమందికి కొన్ని నెలలు నొప్పి తగ్గుతుంది, కాదనను. కానీ పోయిన గుజ్జు మళ్లీ మొలుస్తుందని ఆశపెట్టడం మహా అన్యాయం, నొప్పితో ఉన్న మనిషి అప్పు చేసైనా కడతాడు.

ఇంకో ఆర్థోపెడిక్ డాక్టరు గారు మోకాలు వంచి, చాపి, తిప్పి చూసి, కాలు పట్టేయడం లేదు కాబట్టి ఆపరేషన్ మాట ఇప్పుడొద్దు, మూడు నెలలు ఫిజియో చెయ్యండి అని ఈ సెంటర్‌కి పంపారు.

ఇక్కడ మేడం మొదటి రోజు మెషీన్లేవీ పెట్టలేదు. తువ్వాలు చుట్ట చుట్టి మోకాలి కింద పెట్టి, "దీన్ని కిందకి నొక్కండి అన్నయ్యగారూ, పది అంకెలు లెక్కపెట్టండి" అని, మోకాలి చిప్ప పైన కండ మీద రెండు వేళ్లు ఆనించి చూశారు. ఎడమ కాలికి కండ రాయిలా బిగిసింది, కుడి కాలికి మెత్తగా పిండిముద్దలా ఉండిపోయింది. నా చేత్తో నేనే తడిమి చూసుకున్నాక అర్థమైంది, నొప్పికి భయపడి రెండు నెలలు కాలు కదపకుండా ఉంచి ఎంత నష్టం చేసుకున్నానో. గుజ్జుకి రక్తనాళాలు ఉండవట, కీలులో ఉండే జిగురే దానికి తిండి, ఆ జిగురు లోపలికి ఇంకాలంటే కీలు కదలాలి అని ఓపిగ్గా చెప్పారు. ఇంత వివరంగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

తర్వాత కాలు చాపి ఎత్తడం, రబ్బరు బ్యాండు కట్టి లాగడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం ఒకదాని తర్వాత ఒకటి పెంచుకుంటూ వచ్చారు. గొంతుక్కూర్చోవడం మాన్పించారు. బరువు కూడా చూశారు, 86 కేజీలు. ఒక్క కేజీ తగ్గితే అడుగేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కేజీల భారం తగ్గుతుందంటే, ఆ రోజు నుంచే రాత్రి అన్నం మానేశాను. నాలుగు నెలల్లో ఆరు కేజీలు తగ్గాను. గుజ్జు పెరిగిందో లేదో నాకు తెలీదు, మళ్లీ ఎమ్మారై తీయించలేదు, మేడం కూడా పెరుగుతుందని ఏనాడూ అనలేదు. కలుక్కుమనడం ఇప్పటికీ అప్పుడప్పుడూ ఉంది గానీ గట్టు మీద తెల్లారగట్ల రెండు చుట్లు తిరుగుతున్నాను, నొప్పి మాత్రలు మానేసి రెండు నెలలైంది.

లోపం ఒకటుంది. సెంటర్ మేడ మీద, లిఫ్ట్ లేదు. మోకాళ్ల నొప్పులతో వచ్చే మామ్మగార్లు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే చూడలేకపోయాను, కింద గది చూడమని మేడంకి రెండుసార్లు చెప్పాను కూడా. సాయంత్రాలు జనం ఎక్కువ, పక్కన నిలబడి చేయించే తీరిక ఉండదు. పొద్దున్నే వెళ్లండి, పాత ఎమ్మారై ఉంటే పట్టుకెళ్లండి. కాలు మధ్యలో పట్టేసి చాపలేకపోతున్నా, నడుస్తుంటే మోకాలు నిలవక జారిపోతున్నా మాత్రం ఇక్కడికి కాదు, ముందు ఆర్థో డాక్టరు దగ్గరికే వెళ్లాలి.