మెల్‌బోర్న్‌లో హోమ్‌స్టే, నాలుగు వారాలు ఉన్నాక రాస్తున్న రివ్యూ

మాది ఆమదాలవలస. జూలైలో మాస్టర్స్‌కని మెల్‌బోర్న్ వచ్చాను, వచ్చిన కొత్తలో నాలుగు వారాలు ఒక హోస్ట్ ఫ్యామిలీ ఇంట్లో ఉన్నాను. మన టెక్కలి, పలాస, శ్రీకాకుళం నుంచి వస్తున్న పిల్లలు "షేరింగ్ రూమా, హోమ్‌స్టేనా అక్కా" అని రోజూ అడుగుతున్నారు, అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

నాకు వారానికి 360 డాలర్లు పడింది, అంటే మన డబ్బుల్లో 20 వేల పైనే. రూము, కరెంటు, వైఫై, పొద్దున్న టిఫిను, రాత్రి భోజనం అన్నీ అందులోనే. షేరింగ్ రూముతో పోలిస్తే ఎక్కువే, నాన్న కూడా రెండుసార్లు ఆలోచించారు. కానీ నేను దిగిన రాత్రి మంచం మీద కూచోగానే పక్క వెచ్చగా తగిలింది, నేను వచ్చేలోపే ఇంటావిడ దుప్పటి కింద ఎలక్ట్రిక్ బ్లాంకెట్ వేసి ఉంచారు. మనకి జూలై అంటే వాన, ఉక్క. అక్కడ నడి చలికాలం, పొద్దున్నే కిటికీ అద్దాల మీద నీళ్ళు కారుతుంటాయి. వైజాగ్ నుంచి సింగపూర్, అక్కణ్ణుంచి మెల్‌బోర్న్ అని అంత దూరం వచ్చాక ఆ వెచ్చదనానికి నాకు ఏడుపొచ్చేసింది.

ఇబ్బంది వచ్చింది తిండి దగ్గరే. సాయంత్రం ఆరింటికల్లా రాత్రి భోజనం, అప్పటికి మా ఇంట్లో మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మొదటిరోజు ఇంకొంచెం వేసుకుంటావా అనడిగితే మొహమాటానికి చాలండి అన్నాను, ఆవిడ సరే అని గిన్నె తీసేశారు. మన ఇళ్ళల్లో అయితే వద్దన్నా మూడుసార్లు వడ్డిస్తారు కదా, అక్కడ వద్దంటే వద్దనే అర్థం. పైగా మూడు రోజులూ పాస్తా, సలాడ్, చీజ్, అంతే. ఈ ఇల్లు కుదిర్చిన హోమ్‌స్టే సర్వీసువాళ్ళ ఫారంలో నేను బీఫ్ తిననని మాత్రమే రాశాను, మరి ఇదేటి అనుకున్నా గానీ అడగలేదు. అమ్మ ఫోన్ చేసి "తిన్నావేటి" అంటే తిన్నాననే చెప్పాను.

మూడోరోజు రాత్రి ధైర్యం చేసి పెట్టెలోంచి పొందూరు ఖాదీ కండువా తీసి ఆవిడకి ఇచ్చాను. వాళ్ళు మన ముందే విప్పి చూస్తారు, పక్కన పెట్టేయరు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని దీపం కిందకి తీస్కెళ్ళి దారం పోగు పోగూ వేలితో తడిమి చూస్తూ ఇది మిషను మీద నేసిందా అన్నారు. కాదండీ, చేత్తో వడికి చేత్తో నేసిందే, పత్తిని శుభ్రం చెయ్యడానికి మా వైపు వాలుగ చేప దవడ ఎముక వాడతారు, దాని సన్నటి పళ్ళతో దువ్వుతారు అని చెప్తున్నాను. చేప అనగానే పక్కనే ఉన్న ఆవిడ భర్త ఆపి, నీ ముందు చేపల మాట మాట్లాడొచ్చా, నువ్వు శాకాహారివి కదా అన్నారు! నేను కాదండీ, మాది సముద్రం పక్క జిల్లా, చేప లేకపోతే మాకు ముద్ద దిగదు అన్నాను. ఆయన లేచెళ్ళి సర్వీసు నుంచి వాళ్ళకి వచ్చిన మెయిల్ చూపించారు, అందులో నన్ను వెజిటేరియన్ అని రాసేశారు. పాపం మూడు రోజులూ నాకోసం వాళ్ళు కూడా మాంసం వండుకోలేదంట. మర్నాడే చేప తెచ్చారు, నేను పులుసు పెట్టాను, ఇద్దరూ అన్నంలో కలుపుకుని తిన్నారు.

అందుకే ఇంటికి ఐదుకి ఐదు, మధ్యలో కుదిర్చిన సర్వీసుకి మాత్రం రెండే. ప్లేస్‌మెంట్ ఫీజు విడిగా తీస్కుని ఒక్క లైను సరిగ్గా పంపలేకపోవడం తప్పే, నేను మెయిల్ పెడితే వారం తర్వాత సారీ అని ఒక ముక్క వచ్చింది.

ఇంకొన్ని చెప్పాలి. స్నానం బేగి ముగించాలి, నాలుగైదు నిమిషాలు, అక్కడ నీళ్ళని చాలా పొదుపుగా వాడతారు. చెత్తడబ్బాల మూత రంగులు మొదటిరోజే అడిగి తెలుసుకోండి, ఎర్రమూత మామూలు చెత్తకి, పసుపుమూత రీసైక్లింగ్‌కి. పోపు వేసేముందు కిటికీ తీసి ఫ్యాన్ వెయ్యండి, లేదంటే స్మోక్ అలారం మోగిపోతాది. పచ్చి కరివేపాకు తేవొద్దు, ఎయిర్‌పోర్టులోనే తీసేస్తారు. తినేవి ఏం తెచ్చినా, దిగేముందు నింపే ప్యాసింజర్ కార్డులో డిక్లేర్ చెయ్యండి, దాస్తే ఫైన్ గట్టిగా పడతాది.

బుక్ చేసేటప్పుడు మీ ఫారం కాపీ నేరుగా ఆ ఇంటివాళ్ళకే పంపించమని అడగండి, వచ్చిన రాత్రే ఏం తింటారో ఏం తినరో మీ నోటితో చెప్పేయండి. పొందూరు కండువా ఒకటి పెట్టెలో పెట్టుకోండి, బరువు కూడా ఉండదు.