నవలల పద్దు: నోట్‌బుక్కా, ఫోనా, పుస్తకం అంచులా?

మా స్కూల్లో ఈ ఏడాది చేరిన చిన్న టీచరమ్మ ఒకామె ఈమధ్యే నవలలు పట్టుకుంది. కేశవరెడ్డితో మొదలుపెట్టింది, మన చిత్తూరు జిల్లా మనిషని. మొన్న చిత్తూరు బస్సులో నా పక్కన కూర్చుని, "మేడం, చదివినవన్నీ ఎక్కడన్నా రాసిపెట్టుకోవాలనుంది. నోట్‌బుక్ కొనేదా, ఫోన్లో రాసుకునేదా?" అని అడిగింది. "నోట్‌బుక్ కొను" అని టక్కున చెప్పేశాను. బస్సు దిగి నడుస్తుంటే నేను చెప్పింది సగం జవాబే అనిపించింది. 1997 నుంచి నేనీ పద్దు రాస్తున్నాను. నోట్‌బుక్, కంప్యూటర్ షీట్, ఫోన్ యాప్, పుస్తకం అంచుల్లో పెన్సిల్, అన్నీ వాడి చూశాను. మిగతా సగం జవాబు ఇది.

నోట్‌బుక్ అని అంత తొందరగా ఎందుకన్నానో ముందు చెబుతాను. నా రెండో నోట్‌బుక్‌లో 1998 జులైలో రాసుకున్న పేజీ ఒకటుంది, కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' గురించి. అడవిలో ఈనిన పందినీ దాని పిల్లల్నీ కాపాడుకోవడానికి ఒక ముసలాయన పడే పాట్ల కథ. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. "రాత్రి ఒంటిగంట దాకా చదివాను. పంది బతకాలి, పంది బతకాలి అనుకుంటూనే ఉన్నాను. ఇంత చిన్న కథలో ఇంత టెన్షన్ ఎలా పెట్టాడు?" అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. అదే నవలను 2023లో మళ్ళీ చదివాను. నాయన మంచాన పడి, నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్న నెలలవి. తొమ్మిదో నోట్‌బుక్‌లో ఇలా ఉంది: "ఈసారి పంది మీదికి ధ్యాస పోలేదు. ముసలాయన మోకాళ్ళ మీదే ఉంది. ఆయన లేచి నిలబడిన ప్రతిసారీ నేను చదవడం ఆపి నాయన గదిలోకి తొంగిచూశాను."

ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూసుకున్న రోజు నాకు ఏడుపొచ్చింది. నవల అక్షరం మారలేదు. మొదటి పేజీ రాసిన పిల్ల ఎలా ఉండేదో నేను మరిచిపోయాను. ఆ రెండు గీతల్లో, ఆ తొందర చేతిరాతలో ఆ పిల్ల కనిపించింది. పద్దు దేనికి రాసుకోవాలని ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. ఏడాదికి ఎన్ని చదివామన్న లెక్క నాకు ముఖ్యం కాదు. నవల చదువుతున్నప్పుడు మనం ఎవరిమో ఎక్కడో ఒకచోట నిలిచి ఉండాలి. ఆ పని కాయితం చేసినంత బాగా ఇంకేదీ చేయలేదు.

కాయితం చేసే రెండో మేలు పెద్ద నవలల దగ్గర తెలుస్తుంది. వడ్డెర చండీదాస్ 'అనుక్షణికం' చదివినవాళ్ళకు ఈ కష్టం ఎరుకే. ఆయన మన ఎస్వీ యూనివర్సిటీలోనే ఫిలాసఫీ చెప్పారు, నవలను మాత్రం ఉస్మానియా క్యాంపస్‌లో పెట్టారు. పేజీ తిప్పితే కొత్త మనిషి. మొదటిసారి వంద పేజీలు చదివి, ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుపట్టక పక్కన పెట్టేశాను. రెండోసారి నోట్‌బుక్ తెరిచి ఎడమ పేజీ మొత్తం పాత్రలకు వదిలాను. పేరు వచ్చిన వెంటనే రాయడం, పక్కన చిన్న గుర్తు, స్నేహానికి ఒక గీత, ప్రేమకు రెండు గీతలు, తగాదాకు వంకర గీత. సగానికొచ్చేసరికి పేజీ సాలెగూడులా అయింది. కానీ ఈసారి దారి తప్పలేదు. ఇలాంటి బొమ్మ ఫోన్లో వేయబోయి నాలుగో పేరు దగ్గరే విసుగొచ్చి ఆపేశాను. అప్పటినుంచి ప్రతి నవలకూ అదే పద్ధతి: ఎడమ పేజీ నవలకు, కుడి పేజీ నాకు.

అయితే కాయితానికి రెండు పెద్ద జబ్బులున్నాయి. ఒకటి నీళ్ళు. 2021 నవంబరు వానలకు తిరుపతి కాలనీలు మునిగినప్పుడు మా ఇంట్లోకీ నీళ్ళొచ్చాయి. కింది అరలో ఉన్న మూడు నోట్‌బుక్‌లు తడిసి ముద్దయ్యాయి. ఫ్యాను కింద పేజీ పేజీ విడదీసి ఆరబెట్టాను. అప్పుడు తెలిసింది, బాల్‌పెన్నుతో రాసిన పేజీలన్నీ నిలిచాయి, జెల్‌పెన్నుతో రాసినవి నీలం మరకలై పోయాయి. జెల్ సిరా నీళ్ళలో కలుస్తుంది, బాల్‌పెన్ను సిరా నూనె సరుకు, కరగదు. అందంగా పడుతుందని జెల్‌పెన్నుకు మారిన రెండేళ్ళ రాత అలా పోయింది. నోట్‌బుక్ కొనమని చెప్పిన నోటితోనే బాల్‌పెన్ను కూడా కొనమని ఆ టీచరమ్మకు చెప్పాల్సింది.

రెండో జబ్బు, వెతకడం. ఒకసారి మా అమ్మాయి సంచిలోంచి నేను కొత్తగా కొన్న నవల తీసి, "మా, ఇది మనింట్లో ఉండాది గదా! మళ్ళీ ఎందుకు కొన్నావు?" అంది. ఉంది నిజమే. అంతకు ఆరేళ్ళ ముందు కొన్నాను, చదివాను, రాసుకున్నాను కూడా. ఏ నోట్‌బుక్‌లో రాశానో గుర్తులేదు, అంతే. ఆ రాత్రే కంప్యూటర్‌లో షీట్ తెరిచాను.

షీట్ గురించి నాకు మంచి మాటలే ఎక్కువున్నాయి. పేరు, రచయిత, మొదట ఎప్పుడొచ్చింది, నేను ఎప్పుడు చదివాను, సొంతమా ఎరువా, ఎవరికైనా ఇచ్చానా: ఈ ఆరు గడులు చాలు. అభిప్రాయం గడి మొదట్లో పెట్టి తర్వాత తీసేశాను. గడి చిన్నది కదా, "బాగుంది", "పర్వాలేదు" అని రాసి ముందుకు పోతాం. పదేళ్ళ తర్వాత ఆ "బాగుంది" ఎవరికీ అక్కరకు రాదు.

షీట్ నాకు చూపించిందీ, నోట్‌బుక్ ఎప్పటికీ చూపలేనిదీ ఒకటుంది. పాత నోట్‌బుక్‌లన్నీ ఎక్కించాక, మొదట వచ్చిన సంవత్సరం ప్రకారం వరస పెట్టాను. కందుకూరి వారి 'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని' పత్రికలో రావడం మొదలై 1880లో పుస్తకమైంది. దాని కింది గడిలో ఉన్నవ వారి 'మాలపల్లి', 1922. నడుమ నలభై ఏళ్ళలో నేను ఒక్క తెలుగు నవలా చదవలేదు! క్లాసిక్స్ చదివానని ధీమాగా ఉన్నదాన్ని. ఆ ఖాళీ చూశాకే చిలకమర్తి వారి 'రామచంద్ర విజయం' వెతికి చదివాను, 1894 నాటిది. 1934 దగ్గర విశ్వనాథ వారి 'వేయిపడగలు' ఉంది, దానితో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకున్న బాపిరాజు గారి 'నారాయణరావు' లేదు. అదీ తర్వాత చదివాను. మరో వరస పెడితే తేలింది, మొదటి పదేళ్ళలో నేను చదివినవాటిలో ఆడవాళ్ళు రాసినవి నాలుగో వంతు కూడా లేవని. నేను ఏం చదివానో నోట్‌బుక్ చెబుతుంది. ఏం చదవలేదో చెప్పింది మాత్రం షీటే.

షీట్‌లో తెలుగు రాసేవాళ్ళు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. నేను 'వేయిపడగలు' అని ఒకచోట, 'వేయి పడగలు' అని ఇంకోచోట, 'వెయ్యిపడగలు' అని మరోచోట రాశాను. వెతికితే ఒకటే దొరుకుతుంది, మిగతా రెండూ దాక్కుంటాయి. ఇంకో చిక్కు కంటికే కనపడదు. కేశవరెడ్డి గారిదే 'ఇన్‌క్రెడిబుల్ గాడెస్' ఉంది కదా. 'న్' కింద 'క్రె' ఒత్తుగా కలిసిపోకుండా విడిగా నిలవాలంటే ఆ రెంటి మధ్య కనపడని గుర్తు ఒకటి టైప్ చేయాలి. ఒకసారి ఆ గుర్తుతో, ఒకసారి దానికి బదులు ఖాళీతో రాస్తే కంప్యూటర్ లెక్కలో అవి రెండు వేరు మాటలు. మందు సులువే: పేరు పుస్తకం అట్ట మీద ఎలా ఉంటే అలా రాయాలి, వెతికేటప్పుడు పూర్తి పేరు కొట్టకుండా 'గాడెస్' లాంటి ముక్క కొట్టాలి. పేర్లన్నీ తెలుగు లిపిలోనే ఉండాలి. సగం తెలుగులో, సగం ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఏ వరసా నిలబడదు.

పుస్తకాల యాప్‌ల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఇంగ్లీషు నవలలు ఎక్కువ చదివేవాళ్ళకు అవి హాయి. బార్‌కోడ్ చూపిస్తే అట్టబొమ్మతో సహా వచ్చేస్తుంది. తెలుగు పాత నవలలకు ఆ బార్‌కోడే ఉండదు. వివరాలన్నీ మనమే ఎక్కించాలి. అంత కష్టపడేటట్టయితే మన షీట్‌లోనే పడొచ్చు. నేను మొదట వాడిన చిన్న యాప్ ఒకటి ఉన్నట్టుండి మూతపడింది, ఏడాదిన్నర రాత దాంతోపాటే పోయింది. యాప్ వాడేవాళ్ళు మన జాబితాను ఫైల్‌గా దించుకునే వీలుందో లేదో మొదటిరోజే చూసుకోవాలి. గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల యాప్‌లో ఆ వీలుంది. ఇక అయిదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారని అడగడం నాకు మింగుడుపడదు. చలం గారి 'మైదానం' నాకు ఇరవై ఏళ్ళప్పుడు కోపం తెప్పించింది, నలభై దాటాక రెండు రోజులు నోట మాట రానివ్వలేదు. దానికి ఎన్ని నక్షత్రాలు ఇవ్వను?

ఫోన్‌ను పూర్తిగా తోసేయలేను. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సులో దాదాపు రెండు గంటలు. నా చదువు సగం అందులోనే. కదిలే బస్సులో పెన్ను నిలవదు. చంద్రగిరి దాటాక ఏదైనా వాక్యం గుండెకు తగిలితే ఫోన్లో గొంతుతో చెప్పి పెట్టుకుంటాను, పేజీ నంబరుతో సహా. మన సీమ మాటలు దానికి సరిగా అందవు. నామిని గారి 'మూలింటామె' అంటే 'మూల ఇంటి ఆమె' అని మూడు ముక్కలు చేసి పెట్టింది. అయినా పనికొస్తుంది. రాత్రి ఇంటికెళ్ళి దాన్ని చూసి నోట్‌బుక్‌లో రాసి, ఫోన్లోది తుడిచేస్తాను. తుడవకపోతే అది పేరుకుపోతుందే తప్ప మళ్ళీ చూడం.

పుస్తకం అంచుల్లో రాసుకోవడమే అన్నిటికన్నా దగ్గరగా ఉండే పద్దు అని మా పెదనాన్న అనేవాడు. ఆయన పుస్తకాల్లో పెన్సిల్ గీతలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్నిచోట్ల ఒక్క మాట, "నిజం". ఆయన పోయాక వాటిని చదువుతుంటే పక్కన కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది. అంచు రాతకు దీన్ని మించిన మేలు లేదు, చెడ్డ కూడా ఇందులోనే ఉంది. పుస్తకం ఎరువిస్తే రాత కూడా పోతుంది. పైగా లైబ్రరీ పుస్తకం మీద పెన్సిల్ పెట్టకూడదు. చిత్తూరు జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి తెచ్చి చదివిన నవలలు నా జీవితంలో చాలా ఉన్నాయి. తిరిగిచ్చేశాక వాటి గుర్తు నా నోట్‌బుక్‌లో తప్ప ఎక్కడా లేదు. సొంత పుస్తకమైతే అంచుల్లో రాయండి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు.

పాత నవలలకు ఇంకో గడి తప్పనిసరి: నా చేతిలో ఉన్నది ఏ ముద్రణ? ఇప్పటి నవలలకు ఇది అంతగా అక్కర్లేదు, కొన్న తేదీ చాలు. 'మాలపల్లి' లాంటివాటికి కావాలి. ఉన్నవ వారు దాన్ని రాయవేలూరు జైలులో రాశారు, మన చిత్తూరుకు పక్కనే. మద్రాసు ప్రభుత్వం నిషేధించిన పుస్తకం అది. అలాంటి పుస్తకాన్ని ఇద్దరం చదివి మాట్లాడుకునేటప్పుడు ఇద్దరి చేతిలోనూ ఒకే పాఠం ఉందో లేదో చూసుకోవాలి. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి తర్వాత పుస్తకమైనవాటికీ అంతే. మా నాయనమ్మ పత్రికల్లోంచి కత్తిరించి దారంతో కుట్టిన సీరియల్ ఒకటి మా ఇంట్లో ఉండేది. తర్వాత అదే నవల పుస్తకంగా కొని చదివితే నాకు గుర్తున్న ఒక సన్నివేశం అందులో లేదు. నా జ్ఞాపకమే తప్పో, నిజంగా తీసేశారో తేల్చుకోవడానికి ఆ కుట్టిన కాయితాలు ఇప్పుడు లేవు. అప్పుడు ఒక్క ముక్క రాసి పెట్టుకుని ఉంటే తేలిపోయేది.

కాబట్టి ఆ టీచరమ్మకు నేను చెప్పాల్సిన పూర్తి జవాబు ఇది. ఒక్కటే ఎంచుకోవాలంటే నోట్‌బుక్కే, అందులో నాకు ఏ అనుమానమూ లేదు. మొదటి నాలుగు పేజీలు విషయసూచికకు వదులు. నవల ముగించిన రోజే రాయి, మర్నాడు కాదు, ఎందుకంటే మర్నాటికి మన అభిప్రాయం మర్యాద నేర్చుకుంటుంది. నచ్చిన వాక్యం ఒకటి మక్కికి మక్కి ఎత్తి రాయి. ఎక్కడ కూర్చుని చదివావో, ఇంట్లో అప్పుడేం జరుగుతోందో ఒక ముక్క రాయి. నెలకోసారి, ఆదివారం పూట, షీట్‌లో ఆ ఆరు గడులు నింపు. నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసి ఎక్కడైనా దాచు, వానాకాలం లోపల. ఏడాదికి పదే చదివేవాళ్ళకు షీట్ కూడా అక్కర్లేదు, విషయసూచికే సరిపోతుంది. వందలు దాటాక షీట్ లేకుండా కుదరదు.

నిన్న బస్సులో ఆమె సంచిలోంచి నోట్‌బుక్ తీసి చూపించింది, 200 పేజీలది, నీలం అట్ట. మొదటి పేజీలో కేశవరెడ్డి గారి నవల పేరు 'మునెమ్మ' అని రాసి, తేదీ వేసి, కింద ఖాళీగా ఉంచింది. "ఏం రాయాలో తెలీలేదు మేడం, చదివినప్పటినుంచీ మనసేం బాలేదు" అంది. "ఆ మాటే రాయి" అన్నాను. నా సంచిలోంచి బాల్‌పెన్ను తీసిచ్చాను. బస్సు పాకాల దగ్గర ఆగి ఉన్నప్పుడు, కుదుపు లేని ఆ రెండు నిమిషాల్లో, ఆమె ఆ మాటే రాసుకుంది.